పాకురును పెంచేది ఎవరు?

హనుమకొండలో ఒక పాత ఇల్లు. వెనక వాకిలి నిండా తాండూరు బండలు. ఒక మూల వేపచెట్టు, దాని కింద బోరు నల్లా, గోడవారగా పూతకొచ్చిన బంతిచెట్లు. జూన్‌లో పట్టిన వాన భాద్రపదం చివరికొచ్చినా వదల్లేదు. పెత్రమాస ఇంకో వారం ఉందనగా ఇంటి కోడలు రెండు ప్యాకెట్ల బ్లీచింగ్ పొడి, ఒక యాసిడ్ సీసా తెప్పించి గట్టు మీద పెట్టింది. పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తుంది. ఆ సీసాను చూశాక ఊరుకోలేకపోయింది.

వదిన: జర ఆ ప్యాకెట్ కత్తిరించియ్యి. పొడి సల్లి, దాని మీద యాసిడ్ ఒంపుత. సగం వాకిలి పచ్చగ, సగం నల్లగ అయ్యింది. ఎంగిలిపూల నాడు గల్లీ ఆడోళ్లంత మన వాకిట్లనే బతుకమ్మ ఆడుతరు. అందుల ఒక్కతి జారి పడ్డా ఏడాదంత నన్నే అంటరు.

ఆడబిడ్డ: ప్యాకెట్ సంగతి తర్వాత. ముందు ఆ సీసా లోపల పెట్టు వదినా. అది బండల మీద పోసేది కాదు.

వదిన: ఎందుకు కాదు? బాత్రూంల ఎన్నేండ్ల మరకనో ఒక్క తుడుపుకు పోయింది.

ఆడబిడ్డ: బాత్రూంల ఉన్నయి పింగాణీ టైల్స్. ఇవి తాండూరు బండలు, అంటే సున్నపురాయి. షాబాద్ బండ అయినా, కడప బండ అయినా అదే జాతి. నా మాట నమ్మకు. ఆ నల్లా వెనక విరిగిన ముక్క పడి ఉన్నది గద, దాని మీద ఒక్క చుక్క ఏసి చూడు.

(వదిన ముక్కును కొంగుతో కప్పుకొని చుక్క వేసింది. పడిన చోట బండ సుయ్యిమని నురగ కక్కింది. సన్నటి బుడగలు గుంపుగా లేచి అంచుల దాకా పాకాయి. నురగ చల్లారాక నీళ్లు పోసి తుడిస్తే రూపాయి బిళ్లంత మచ్చ తేలింది. చుట్టూ బండ నీలంగా నున్నగా ఉంటే, ఆ మచ్చ మాత్రం తెల్లబారి వేలికి గరుకుగా తగిలింది.)

వదిన: అయ్యో, బండనే తిన్నది గద!

ఆడబిడ్డ: పాకురు కంటె ముందు బండ పోతది. గరుకైన బండల నీళ్లు ఎక్కువసేపు నిలుస్తయి కాబట్టి వచ్చే వానకాలం పాకురు ఇంకింత గట్టిగ పడుతది. అది ఒక నష్టం. రెండోది పాణానికే ముప్పు. బ్లీచింగ్ పొడి మీద యాసిడ్ పడితే క్లోరిన్ గాలి లేస్తది. 1915 ఏప్రిల్ 22 నాడు బెల్జియంల ఈప్ర దగ్గర జర్మనోళ్లు శత్రువుల మీదికి వదిలింది ఆ గాలినే. నువ్వు వంగి తోముతుంటే అది సక్కగ నీ ముక్కులకు వస్తది.

వదిన: సరే, యాసిడ్ బంద్. కని బ్లీచింగ్‌కు ఏమైంది? అది యాసిడ్ కాదు గద. బండను తినదు. వానకాలం వస్తే మున్సిపాలిటోళ్లే మోరీల పొంట సల్లుకుంట పోతరు. 2023 జూలైల ములుగు దిక్కు లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 64 సెంటీమీటర్ల వాన పడ్డనాడు మన కాలనీలు సుత మునిగినయి. నీళ్లు తీసినంక ఊరంత వచ్చిన వాసన ఏంది? బ్లీచింగ్‌దే. బాయిల ఏసేది అదే. కరోనా నాడు ట్రాక్టర్లతోని, ఫైరింజన్లతోని హైపో అని కొట్టింది దాని తమ్మున్నే. ఊరు మొత్తానికి పనికొచ్చింది నా వాకిలికి పనికి రాదా?

ఆడబిడ్డ: బాయి సంగతి తీసుకో. వెయ్యి లీటర్ల నీళ్లకు మంచి పొడి రెండున్నర గ్రాములు చాలు, గంటసేపు ఆగి తాగొచ్చు. అంత తక్కువ ఎట్ల సరిపోతదంటే బాయి నీళ్లు తేటగ ఉంటయి కాబట్టి. అదే పొడిని మట్టి మీద సల్లినవనుకో, క్రిముల దాకా పోకముందే మట్టిల ఉన్న చెత్తాచెదారంతోని కలిసి దాని బలం ఖతం అయితది. 2020 మే నెలల ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది సుత అదే. రోడ్ల మీద హైపో కొట్టుడు దండుగ, మురికి తగిలితే మందు పని చెయ్యదు అన్నది. నువ్వు ఇప్పుడు పాకురు మీద, మట్టి మీద పొడి సల్లుతనంటున్నవు. మందు సగం మట్టికే పోతది.

వదిన: అంటే ముందు గీకి, తోమి, తర్వాత మందు కొట్టాలె. అంతే గద! అది చెప్పెతందుకు ఇంత కథనా? తోముడు నాకు కొత్త కాదు. గీకుడు చిప్ప ఉన్నది, ఇనుప బ్రష్షు ఉన్నది.

ఆడబిడ్డ: ఇనుప బ్రష్షు వద్దు, బండ మీద గీతలు పడుతయి. తెగిన ఇనుప తీగలు సందులల్ల ఉండి తుప్పు మరక లేస్తది. కట్టె పొరక చాలు, లేకుంటే ప్లాస్టిక్ కుచ్చుది. కని గీకే ముందు జర వంగి చూడు వదినా. నువ్వు పాకురు అంటున్నది ఒక్కటి కాదు, మూడు.

వదిన: మూడేంది? నాకు కనబడేది పచ్చది, నల్లది.

ఆడబిడ్డ: బండల సందులల్ల మెత్తగ మఖ్మల్ లెక్క ఉన్నది నాచు. అది నిజమైన మొక్కనే, కని దానికి వేర్లు లేవు. పట్టుకొనుండే సన్నటి నూగు మాత్రమే ఉంటది. గోటితోని లేపితే మట్టితో సహా పొర లేస్తది చూడు. ఎండకు ఎండిపోయి చచ్చినట్టు ఉంటది, మళ్ల చినుకు పడంగనే తేరుకుంటది. దాని సంతానం పెరగాల్నంటే నీళ్ల పొర ఉండాలె. మగ కణం ఆ నీళ్లల్ల ఈదుకుంట పోయి ఆడ కణాన్ని చేరుతది.

వదిన: మరి ఈ నల్లటిది? అత్తమ్మ మొన్న కాలు జారింది దీని మీదనే.

ఆడబిడ్డ: జారేది అదే. అది నీలి ఆకుపచ్చ శైవలం. దాని చుట్టు జిగురు పొర ఉంటది, తడిస్తే ఆ జిగురు ఉబ్బి జారుతది. ఎండను తట్టుకుంటందుకు అది నల్లటి రంగు కప్పుకుంటది. మన డాబాలు, కాంపౌండ్ గోడలు వానకాలం అయిపోయే సరికి నల్లబడేది ఎక్కువగ దీని వల్లనే. ఇగ మూడోది ఆ రోలు మీద చూడు. బూడిద రంగుల గుండ్రంగ, అంచులు మడతలు పడి, రాయికి అతికించినట్టు ఉన్నది.

వదిన: అది రాయికి పట్టిన పొక్కు అనుకున్న.

ఆడబిడ్డ: అది లైకెన్. ఒక బూజు, ఒక శైవలం కలిసి చేసే కాపురం. బూజు ఇల్లు కడుతది, శైవలం వంట చేస్తది. నీ పోపులపెట్టెల బిర్యానీకని పెట్టుకున్న రాతిపువ్వు లేదా? అది సుత లైకెనే.

వదిన: ఓహో! అయితే రోలు మీద బిర్యానీ దినుసు పండుతున్నదన్నట్టు!

ఆడబిడ్డ: ఇది తినేది కాదు, జాతి ఒక్కటే. ఇసొంటివి ఏడాదికి ఒకటో రెండో మిల్లీమీటర్లు పెరుగుతయి, కొన్నయితే అంతకంటె తక్కువ. ఆ రోలు మీది చుట్టు అరచెయ్యంత ఉన్నది. నీ పెండ్లి కాకముందు పట్టిందేమో.

వదిన: ఆ కాపురం నాకంటె ముందే ఈ ఇంట్ల కూసున్నదన్నమాట. మంచిది. కని నా మాటకు జవాబు రాలే. ఈ మూడిటినీ బ్లీచింగ్ చంపుతదా, చంపదా?

ఆడబిడ్డ: చంపుతది. అక్కడనే మనం మోసపోతం. నల్లటి పొరను, నాచు పైపొరను పావుగంటల చంపి రంగు తీసేస్తది. బండ తెల్లగ కనబడంగనే పని అయిపోయిందనుకుంటం. అసలు ఈ పొడి పుట్టిందే రంగు తీసెతందుకు. 1799ల గ్లాస్గోల చార్లెస్ టెనెంట్ అనే ఆయన దీనికి పేటెంట్ తీసుకున్నడు. అంతకు ముందు నూలు బట్టను గడ్డి మీద పరిచి ఎండకు నెలలకు నెలలు తెల్లబరిచేటోళ్లు. అజంజాహి మిల్లు ఊరోళ్లం, బట్ట తెల్లబడుడు ఎంత పనో మనకు ఎవరు చెప్పాలె! అయితే లైకెన్ సంగతి వేరు. దాని పోగులు రాతి గింజల నడుమ దిగి ఉంటయి. పైన తెల్లబడ్డా లోపలిది ఉంటది. చచ్చిన పొట్టు సుత నెలలు పట్టి రాలుతది. ఇగ నాచు బీజాలు గాలిల ఉంటయి. మళ్ల తడి దొరికితే మళ్ల మొలుస్తయి.

వదిన: మళ్ల మొలుస్తయి. అయితే? దుమ్ము సుత రోజూ పడుతది. పొద్దున ఊడిస్తే మాపటికి మళ్ల పడుతది. అట్లని ఎవరన్న ఊడ్చుడు బంద్ పెట్టిన్రా? ఇంటి పని అంటేనే మళ్ల మళ్ల చేసుడు. ఏడాదికొక్కసారి ఒక ప్యాకెట్ బ్లీచింగ్, ఒక పూట కష్టం. దానికి నువ్వు శాస్త్రం మొత్తం తీసినవు.

ఆడబిడ్డ: దుమ్ము బయట నుంచి వస్తది వదినా, దాన్ని ఆపలేం. పాకురును మనమే పెంచుతున్నం. ఇటు రా. గేటు కాడి బండలు చూడు. ఒక్కటే లారీల వచ్చినయి, ఒక్కటే మేస్త్రీ పరిచిండు. అక్కడ ఎండ తగులుతది, నీళ్లు నిలువయి. ఒక్క మరక ఉన్నదా? ఇప్పుడు పచ్చదనం ఎక్కడ మొదలైందో చూడు. బోరు నల్లా కింద మొదలై, నాలుక చాపినట్టు గోడ దాకా పోయింది. నల్లా వాచర్ పోయి చుక్క చుక్క కారుతనే ఉన్నది. ఆ నీళ్లు మోరీల పడాలె, కని నడుమ మూడు బండలు కుంగినయి కాబట్టి అక్కడనే నిలుస్తున్నయి. దాంట్లకు గిన్నెలు తోమిన నీళ్లు వస్తయి. మెతుకులు, సబ్బు వాటికి ఎరువు. పైన వేపకొమ్మ ఎండ రానియ్యది. నీడ, నీళ్లు, తిండి మూడూ మనమే పెడుతున్నం.

వదిన: అంటే నేనే పెంచుతున్ననా?

ఆడబిడ్డ: నువ్వు కాదు, ఆ నల్లా. నల్లా బాగు చేయిస్త చేయిస్త అని దాటేస్తున్న మా అన్న.

వదిన: ఇది ఒక్కటి నిజం చెప్పినవు. కని ఇప్పుడు నా మాట విను. వాచర్ మార్చుడు అయితది. కుంగిన బండలు లేపి, కింద ఇసుక పోసి, వాటం సరిచేసి, సందులు పూడ్చాల్నంటే మేస్త్రీ కావాలె. వానల పని ఆగదా? దీపావళి దాక మేస్త్రీ దొరకడు. వేపచెట్టు కొమ్మ ముట్టుకుంటే అత్తమ్మ ఒప్పుకోదు. అత్తమ్మ మాత్రం రేపు తెల్లారి అయిదింటికే పూలకని వాకిట్లకు వస్తది. ఆ వయసుల తుంటి ఎముక విరిగితే మంచం మీది నుంచి లేస్తదని ఎవరు చెప్పగలరు? నీ మందు దీపావళికి పని చేస్తది, నా మందు ఇయ్యాల్లనే పని చేస్తది. కారణం వెతుకుడు మంచిదే, కని జారే బండ మీద నిలబడి వెతకద్దు.

ఆడబిడ్డ: ఆ మాట ఒప్పుకోవాల్సిందే. నడిచే తోవ వరకు బ్లీచింగ్ కొట్టు. కని పొడి సల్లుడు కాదు, లెక్కతోని. ముందు ఎండిన పూట చూసుకొని నాచు మొత్తం గీకి, ఎత్తి పారెయ్యి. మోరీలకు తోయద్దు, అడ్డం పడుతది. పొరకతోని తోమి మట్టి పోయే దాక కడుగు. ప్లాస్టిక్ బకెట్ల పది లీటర్ల నీళ్లు పోసి, దాంట్ల మూడు వందల గ్రాముల పొడి కలుపు. పొడి కొత్తదయితే దాంట్ల మూడో వంతు క్లోరిన్ ఉంటది, ఆ లెక్కన నీళ్లు ఒక శాతం అయితయి. సంచి విప్పి తడి తగిలిన పొడి అయితే బలం దిగిపోయి ఉంటది. అరగంట ఆగినంక పైన తేట తీసుకో. అడుగున పడ్డ సున్నం బండ మీద పోస్తే తెల్ల మరకలు పడుతయి, మళ్ల దాన్ని తియ్యాలంటే యాసిడ్ యాదికొస్తది.

వదిన: తేట పోసినంక?

ఆడబిడ్డ: పావుగంట తడి ఆరకుండ ఉంచి, పొరకతోని ఇంకోసారి తోమి, నీళ్లు గుమ్మరించు. ఎర్రటి ఎండల చేస్తే మందు తొందరగ ఎగిరిపోతది, పొద్దున గని మాపటికి గని చెయ్యి. కడగంగ కడగంగ వాసన పోవాలె, ఆడోళ్లు చెప్పులు లేకుండ ఆడుతరు. చేతులకు తొడుగులు ఏసుకో, పాత చీర కట్టుకో, పడ్డ చోట రంగు పోతది. మందు తడి ఉన్నంతసేపు బండ మామూలు కంటె ఎక్కువ జారుతది, అమ్మను రానియ్యకు. కుక్క మూత్రం పోసిన జాగను ముందు మంచి నీళ్లతోని కడుగు, దాంతోని కలిసినా విషపు గాలే లేస్తది. ఇగ ఈ నీళ్లు బంతిచెట్ల దిక్కు పోనియ్యకు. ఆకులు మాడుతయి. ముందే చెట్ల మొదళ్లు మంచి నీళ్లతోని తడిపి పెట్టు, పొరపాటున పోయినా పలచబడుతది.

వదిన: బంతి పోతే బతుకమ్మకు పూలు ఏడికెళ్లి తేవాలె! అది చూసుకుంట. సరే, అదే చేత్తోని ఆ రోలు సుత కడిగేస్త. పండుగకు పసుపు పెట్టాలె దానికి.

ఆడబిడ్డ: రోలును ముట్టుకోకు.

వదిన: మళ్ల మొదలా!

ఆడబిడ్డ: దాని మీద ఎవరు నడుస్తరు? ఎవరు జారుతరు? అది నల్లరాయి, పాతది. లైకెన్ గీకితే దాని పోగులు పట్టుకున్న రాతి గింజలు సుత ఊడి వస్తయి. బ్లీచింగ్ పోస్తే ఉప్పు రాతి రంధ్రాలల్ల దిగుతది. తడిసినప్పుడు కరిగి, ఎండినప్పుడు గడ్డకట్టి లోపల నుంచి రాయిని పొడి చేస్తది. రామప్ప గుడి గోడల ఇసుకరాయికయితే ఈ ఉప్పు ఇంకా చెడ్డది. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు పొందిన గుడి. అసొంటి రాయి మీద ఒక బకెట్ బ్లీచింగ్ పోసి చూస్తమా? మన ఆర్కియాలజీ వాళ్లు 1986 నుంచి 1993 దాక కంబోడియాల అంకోర్‌వాట్ గుడి బాగు చేసిన్రు. మందులు పెట్టి, బ్రష్షులతోని తోమితే చెక్కడాల పైపొర పోయిందని విదేశీ నిపుణులు వాళ్లను తప్పు పట్టిన్రు.

వదిన: నీ మాటల్లనే తిరుగుడున్నది. మొన్న నువ్వే చెప్పినవు, లైకెన్ యాసిడ్ లాంటిది వదులుతదని, రాయిని మెల్లమెల్లగ తింటదని. తింటుంటే చూసుకుంట కూసోవాల్నా? గుడి మీద పాకురు పట్టి శిల్పం ముఖం కనబడకుంటే అది పాతదని మొక్కాల్నా? అంకోర్‌వాట్‌ల తప్పు జరిగితే తోమే తీరుల జరిగింది, తోముడే తప్పయితదా?

ఆడబిడ్డ: దెబ్బ బాగనే కొట్టినవు. లైకెన్ ఆక్సాలిక్ యాసిడ్ వదిలే మాట నిజం. రాళ్లు బాగు చేసేటోళ్లల్ల సుత దీని మీద రెండు మాటలున్నయి. కొందరు తియ్యాలంటరు, కొందరు అది ఎండవాన నుంచి రాయికి కప్పులెక్క పనిచేస్తదంటరు. అందుకే రాయిని బట్టి, జీవిని బట్టి చూసి, చిన్న మూల మీద పరీక్ష చేసి తీరు నిర్ణయిస్తరు. ఒకే డబ్బా అన్నింటి మీద ఒంపరు. నేను చెప్పేది అదే. తోవ మీద జారేది వేరు, రోలు మీద ఊరికె కూసున్నది వేరు.

వదిన: మన వాకిలి రామప్ప కాదు, మన రోలు శిల్పం కాదు. కని నువ్వు అంతగ బతిమిలాడుతున్నవు కాబట్టి ఈ ఏడు రోలును వదిలేస్త. ఒప్పుకొని కాదు, నువ్వు పండుగకు వచ్చినవని.

ఆడబిడ్డ: అట్లనే కానీ. నల్లా వాచర్ మాత్రం ఇయ్యాల్లనే మార్పించాలె.

వదిన: మార్పిస్త. దీపావళి అయినంక మేస్త్రీని పిలిచి బండల వాటం సుత సరిచేయిస్త. వచ్చే పెత్రమాసకు వచ్చినప్పుడు చూద్దాం. నల్లా కాడ పాకురు రాకుంటే నీ మాట గెలిచినట్టు, బ్లీచింగ్ కొనుడు బంద్ పెడుత. వస్తే మాత్రం పొరక పట్టేది నువ్వే, లెక్చర్ కాదు.

ఆడబిడ్డ: ఒప్పుకున్న. మరి మేస్త్రీ కూలి ఎవరిస్తరు?

వదిన: నల్లా బాగు చెయ్యంది మీ అన్న, బండలు లేపాలన్నది నువ్వు. ఈ ఏడు నీకు పెట్టే ఆడబిడ్డ కట్నంల నుంచి కోసేస్త. ఇగ లే, ప్యాకెట్ కత్తిరించు, పొద్దు ఎక్కుతున్నది.